తోట బంగళాకు మళ్లీ సున్నం

గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో, లాం దాటాక, మిరప చేల మధ్య మా అమ్మమ్మగారి మామిడి తోట ఉంది. తోట నడుమ ఒక చిన్న బంగళా: ఒకటే గది, చుట్టూ వసారా, పైన మిద్దె. కాపు కాలంలో కాపలాకని, వేసవి మధ్యాహ్నాలు నడుం వాల్చడానికని మా ముత్తాత కట్టించారు. ఊళ్లోని మండువా ఇల్లు పంపకాల్లో పోయింది. మాకు మిగిలింది ఈ బంగళాయే. నిరుడు వానాకాలంలో దీని గోడలు చూసి ఏడ్చాను.

తప్పు వానది కాదు, మాది. పదేళ్ల కిందట పెచ్చులూడుతున్నాయని గోడలకు సిమెంటు పూత వేయించాం. నేలలోని చెమ్మ ఇటుకల్లోకి ఎక్కడం పాత గోడలకు మామూలే. సున్నపు పూత ఉన్నన్నాళ్లూ అది బయటికి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. చెమ్మ లోపలే ఉండిపోయి, ఉప్పు పేరుకుని, ఇటుకలు గుల్లబారాయి. గోరుతో గీస్తే ఎర్రటి పిండి రాలేది. పైగా మాది నల్లరేగడి. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు సున్నం కొంత ఓర్చుకుంటుంది. సిమెంటు నిలువునా బీటలు వారింది.

పడగొట్టి కొత్తది కట్టుకోమని ఇద్దరు చెప్పారు. మూడో మనిషిగా వచ్చిన పెద్ద మేస్త్రి గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డారు. "ముందు ఈ సిమెంటు ఒలిచెయ్యాలమ్మా. గోడ ఆరాక సున్నం సంగతి చూద్దాం" అన్నారు. పని ఆయనకే అప్పగించాను.

సున్నం పిడుగురాళ్ల నుంచి తెప్పించాం. అమరావతి శిల్పాలు చెక్కినది కూడా పల్నాటి సున్నపురాయిలోనే. ఆ రాయిని కాల్చితే సున్నం. పూశాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయవుతుంది. గుంటలో నీళ్లు పోసి సున్నపు గడ్డలు వేస్తే కుతకుత ఉడికింది. రోజుల తరబడి నానబెట్టి, ఇసుక కలిపి గానుగ పట్టించి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు కలిపారు. పని జరిగినన్నాళ్లూ తోటంతా బెల్లం వాసనే.

నాకు ప్రాణం మాత్రం పైకప్పు. చిన్నప్పుడు చాప మీద వెల్లకిలా పడుకుని దాన్నే చూసేదాన్ని. టేకు దంతెల (సన్న దూలాల) మీద సన్నటి ఇటుకలు, ఒక్కటీ పడుకోబెట్టింది కాదు, అన్నీ అంచు మీద నిలబెట్టి, దంతెలకు ఏటవాలుగా పేర్చినవే. ఇంజనీర్లు దీన్ని మద్రాసు టెర్రస్ అంటారు. కింద చెక్కల ఊతం అక్కర్లేదు. ఒక మూల మొదలుపెట్టి, ప్రతి ఇటుకనూ పక్కదానికి సున్నంతో అతికిస్తూ పోతారు. దానిమీద ఇటుక కంకర, సున్నం కలిపి పరిచి, చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరుస్తారు. ఆ పైన పలకలు. అంత మందం ఉంది కనుకే మే నెల ఎండలోనూ ఆ గదిలో కునుకు పట్టేది.

ఈశాన్యం మూల కురుస్తోంది. రెండు దంతెల మధ్య ఇటుకలు విప్పి మళ్లీ పేర్చారు. నిచ్చెనెక్కి దగ్గరగా చూశాను. మేస్త్రి ఇటుకను నీళ్లలో ముంచి, అంచుకు సున్నం రాసి, పక్కదానికి ఆనించి బొటనవేలితో నొక్కిపట్టారు. లోపల పదంకెలు లెక్కపెట్టుకున్నాను. చెయ్యి తీశారు. ఇటుక జారలేదు.

పూత ఇంకా పచ్చిగానే ఉంది. ఆదివారాలు వెళ్లి నీళ్లు చల్లి వస్తున్నాను. మామయ్య ఫ్యాను బిగిద్దామంటున్నారు. దంతెకు రంధ్రం పెట్టనివ్వను, అమ్మమ్మ ఉయ్యాల కొక్కెం ఉంది కదా, దానికే వేలాడదీయండి మామయ్యా అన్నాను. సరేనన్నారు.