గసగసాల పాయసం తాగితే డ్రగ్ టెస్టులో దొరికిపోతామా?

దొరికే అవకాశం ఉంది. ఎంత తాగారు, ఆ గింజలు ఎక్కడివి, ల్యాబు వాళ్లు కటాఫ్ (ఎంత దాటితే పాజిటివ్ అనే గీత) ఎంత పెట్టుకున్నారు అన్నదాన్ని బట్టి. ఈ మధ్య బెంగళూరులో నన్ను ఈ ప్రశ్న అడగని తెలుగువాళ్లు లేరేమో, ఎందుకంటే ఇక్కడ ఐటీ కంపెనీల్లో ఆఫర్ చేతికొచ్చాక, అందులోనూ అమెరికా క్లయింటు ప్రాజెక్టు అయితే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌తో పాటు ఒక యూరిన్ టెస్టు కూడా పెట్టేస్తున్నారు, నేను టాక్సికాలజీ ల్యాబులో ఉన్నానని మా చుట్టాలందరికీ తెలుసు. పోయిన నెలలో మా పిన్ని కొడుకు మారతహళ్లి పీజీ నుంచి రాత్రిపూట ఫోన్. "అక్కా, మా టీమ్‌లో కన్నడ అమ్మాయి పెళ్లికెళ్లి గసగసాల పాయసం బాగా పట్టించాను, ఎల్లుండి టెస్టు. అది నల్లమందు మొక్క గింజ అంటున్నాడు మా రూమ్మేటు. నిజమా?"

నిజమే. పాయసం తాగాక కన్నడం వాళ్లు మధ్యాహ్నం ఎందుకు అంత హాయిగా నిద్రపోతారో అని ఇక్కడ అందరూ జోకులేస్తుంటారు కూడా. గసగసాలూ నల్లమందూ ఒకే మొక్కవి. పచ్చి కాయకు గాటు పెడితే కారే పాలు ఎండితే నల్లమందు, కాయ ఎండిపోయాక లోపలి గింజలు మన వంటింట్లో కుర్మాలోకి, కోడికూరలోకి వేసే గసగసాలు. నల్లమందులోని మత్తు పదార్థం మార్ఫిన్, గింజ లోపల అది దాదాపు ఉండదు, కోత సమయంలో కాయ పాలు, పొట్టు దుమ్ము పైన అంటుకుని వస్తుంది. అందుకే ఒక లాట్‌కీ ఇంకో లాట్‌కీ పోలికే ఉండదు: కిలో గింజల్లో ఒక్క మిల్లీగ్రాము మార్ఫిన్ కూడా లేనివి ఉన్నాయి, వందల మిల్లీగ్రాములు ఉన్నవీ ఉన్నాయి. కడిగితే తగ్గుతుంది, వేడి చేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. మనం మాత్రం నానబెట్టి, చాలా ఇళ్లలో ఆ నీళ్లతోనే రుబ్బేస్తాం.

చట్టం సంగతికి వస్తే భయం అక్కర్లేదు. 1985 నాటి మత్తుమందుల చట్టం, ఎన్‌డీపీఎస్, ఆ మొక్క ఎండు కాడనూ కాయ తొక్కనూ వదలదు గానీ గింజలను మాత్రం స్పష్టంగా మినహాయించింది. మధ్యప్రదేశ్‌లో నీమచ్, మందసౌర్ వైపు ప్రభుత్వ లైసెన్సు మీదే ఆ పంట పండిస్తారు. సింగపూర్‌కో దుబాయ్‌కో వెళ్లేవాళ్లు మాత్రం అమ్మ కట్టిచ్చిన మసాలా పొట్లం ఒకసారి విప్పి చూసుకోండి, ఆ రెండు చోట్లా గసగసాలు నిషేధం.

ఇక టెస్టు. అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల పరీక్షల్లో ఓపియేట్లకు (మార్ఫిన్, కోడీన్ లాంటి నల్లమందు జాతి పదార్థాలకు) కటాఫ్ ఒకప్పుడు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు. గసగసాలు చల్లిన బన్నులు తిన్నవాళ్లు కూడా దొరికిపోతున్నారని 1998లో దాన్ని 2,000కు పెంచారు. అయినా ప్రైవేటు ల్యాబుల టెస్టుల్లో చాలావాటిలో ఆ పాత 300 అలాగే ఉండిపోయింది, రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో చూడండి, కనిపిస్తుంది. 2023లో అమెరికా రక్షణ శాఖ తమ సైనికులను అసలు గసగసాలే తినొద్దని హెచ్చరించింది, అంటే 25 ఏళ్ల తర్వాత కూడా గొడవ తీరలేదన్నమాట.

మొదట చేసేది స్క్రీనింగ్. చీటీ మీద గీతలు వచ్చే కిట్టయినా, పెద్ద మిషనైనా లోపల పని చేసేది యాంటీబాడీనే. అది మాలిక్యూల్ మొత్తాన్ని చూడదు, ఆకారంలో ఒక ముక్కను చూసి అతుక్కుంటుంది. మెజెస్టిక్ బస్టాండులో వెనకనుంచి చూసి మన బాబాయే అనుకుని ఎవరి భుజమో తట్టినట్టు ఉంటుంది దాని యవ్వారం. లివోఫ్లాక్సాసిన్ అనే మామూలు యాంటీబయాటిక్ కొన్ని కిట్లలో ఓపియేట్‌లా కనిపిస్తుంది. బీపీకి వాడే లాబెటలాల్, జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ యాంఫెటమిన్ అనే ఇంకో మత్తుమందు గడిలో గీత మార్చేస్తాయి. దగ్గు మందులో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఇంకో గడిలో. కిట్టులో లోపం ఉందని కాదు, దాన్ని తయారు చేసిందే అనుమానం ఉన్నవాటిని వేరు చేయడానికి. అక్కడితో ఆపేసి పాజిటివ్ అని మెయిల్ కొట్టే వాళ్లతోనే నా గొడవ.

ఆ తర్వాత చేయాల్సిన కన్ఫర్మేషన్ అంటే మా పని, మాలిక్యూళ్లను బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ మీద. మార్ఫిన్ ఎక్కువగా శరీరంలో గ్లూకురోనైడ్ అనే ముక్కతో కలిసి బయటికొస్తుంది, కాబట్టి ముందు ఎంజైముతో దాన్ని విడగొట్టాలి. యాసిడ్‌తో కూడా విడగొట్టొచ్చు, పని త్వరగా అవుతుంది, కానీ హెరాయిన్‌ను పట్టిచ్చే 6-అసిటైల్‌మార్ఫిన్ అక్కడే ధ్వంసమై మార్ఫిన్‌గా మారిపోతుంది, సాక్ష్యాన్ని మనమే చెరిపేసినట్టు. తర్వాత కాలమ్ అనే సన్నని గొట్టం గుండా పంపితే ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొస్తుంది. మిషన్‌లో మార్ఫిన్ 286 అనే బరువు దగ్గర కనిపిస్తుంది. హైడ్రోమార్ఫోన్ కూడా 286, నార్‌కోడీన్ కూడా 286! అందుకే బరువు ఒక్కటి చాలదు, దాన్ని ముక్కలు చేసి అందులో రెండు ముక్కలు చూడాలి, కాలమ్ నుంచి బయటికొచ్చిన సమయం చూడాలి, ఆ రెండు ముక్కల నిష్పత్తి స్టాండర్డ్‌లో, అంటే పోల్చడానికి పెట్టుకున్న అసలు మార్ఫిన్‌లో, ఉన్నట్టే ఉందో లేదో చూడాలి. ఇవన్నీ కుదిరితేనే సంతకం.

ఇదంతా నడవాలంటే ఏ మందూ లేని యూరిన్ కావాలి, మిషన్ కొలతను సరిచూసే క్యాలిబ్రేషన్‌కు. బ్లాంక్ అంటాం. అది ఎక్కడి నుంచి వస్తుందనుకున్నారు? మా నుంచే. ఒకసారి ఉగాది మర్నాడు అందరిదీ కలిపి పూల్ చేసిన బ్లాంకులో సరిగ్గా మార్ఫిన్ రావాల్సిన సమయానికి గ్రాఫులో బుజ్జి పీక్ (శిఖరం) ఒకటి లేచింది. ముందు కాలమ్‌లో పాత శాంపిల్ మిగిలిందేమో అని కడిగాం, మళ్లీ అదే. స్టాండర్డ్ ఒలికిందా అని హుడ్ అంతా తుడిచాం. చివరికి అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటుంటే మా గుంటూరు జూనియర్ నెమ్మదిగా, "మేడమ్, నిన్న మా ఇంట్లో గసగసాలు వేసిన నాటుకోడి" అన్నాడు. ఆ రోజు నుంచి బ్లాంక్ ఇచ్చేవాళ్లకు మెనూ అడిగే ఫారం ఒకటి పెట్టాం, ల్యాబులో అన్నిటికంటే శ్రద్ధగా నింపేది దాన్నే.

మాలిక్యూల్‌ను సరిగ్గా గుర్తుపట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి మా కొత్తవాళ్లకు నేను ఎప్పుడూ మిస్సోరి కేసే చెప్తాను. 1989లో ఆ రాష్ట్రంలో ఒక పసివాడు వాంతులతో, ఊపిరాడక ఆసుపత్రికి వచ్చాడు. రక్తంలో ఇథిలీన్ గ్లైకాల్ ఉందని, అంటే కారు రేడియేటర్‌లో పోసే ద్రవం ఉందని ల్యాబు చెప్పింది. బిడ్డను తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసేసుకున్నారు, తల్లి చూడటానికి వెళ్లి పాలు పట్టాక మళ్లీ జబ్బు పడి చనిపోయాడు. విషం పెట్టిందని తల్లికి యావజ్జీవం. ఆమె జైల్లో ఉండగా పుట్టిన రెండో బిడ్డను మొదటి నుంచీ వేరేవాళ్లు పెంచుతున్నారు, ఆ బిడ్డకూ అవే లక్షణాలు వచ్చాయి. అది మిథైల్‌మలోనిక్ అసిడీమియా, పుట్టుకతో వచ్చే జబ్బు. ఆ జబ్బులో శరీరమే తయారు చేసే ప్రొపియోనిక్ యాసిడ్‌ను గ్యాస్ క్రోమటోగ్రాఫ్ అనే మిషన్ మీద చూసి ఇథిలీన్ గ్లైకాల్ అనుకున్నారు. సెయింట్ లూయిస్ యూనివర్సిటీలో విలియం స్లై, జేమ్స్ షూమేకర్ ఆ శాంపిళ్లను మళ్లీ పరీక్షించి తేల్చారు, 1991లో ఆమెపై కేసు కొట్టేశారు. ఒక్క పీక్ దగ్గర ఆగిపోయిన ఫలితం అది.

సరే, మాలిక్యూల్ సరిగ్గానే గుర్తుపట్టాం అనుకోండి. అప్పుడు కూడా అది ఎక్కడి నుంచి వచ్చిందో మిగిలే ఉంటుంది. 2002 వింటర్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ స్కీయర్ అలెన్ బాక్స్‌టర్‌కు కాంస్యం వచ్చి పోయింది. అతని శాంపిల్‌లో మెథాంఫెటమిన్ ఉన్నమాట నిజమే, కానీ అమెరికాలో కొన్న ముక్కు ఇన్‌హేలర్‌లో ఉండే ఎడమచేతి రూపం అది, మత్తుకు వాడే కుడిచేతి రూపం కాదు (ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి). మామూలు కాలమ్‌లో రెండూ ఒకే పీక్‌గా వస్తాయి, వేరు చేయడానికి ప్రత్యేకమైన కైరల్ కాలమ్ కావాలి.

గసగసాలదీ ఇదే పేచీ. హెరాయిన్ వాడినా మార్ఫిన్ వస్తుంది, కోడీన్ ఉన్న దగ్గు మందు తాగినా కొంత మార్ఫిన్ వస్తుంది, పాయసం తాగినా వస్తుంది. 6-అసిటైల్‌మార్ఫిన్ కనిపిస్తే హెరాయినే, వాదన లేదు, కానీ అది యూరిన్‌లో ఒక రోజు కూడా నిలవదు. నల్లమందు మొక్కలో ఉండే థీబైన్ అనే పదార్థం కనిపిస్తే గసగసాల వైపు మొగ్గు, అయితే అది కూడా అందరిలో ఎక్కువసేపు ఉండదు. 2014లో బ్రిటన్ పరిశోధకులు ఏటీఎం4జీ అనే ఇంకో గుర్తును ప్రతిపాదించారు: నల్లమందు నుంచి దొంగచాటుగా హెరాయిన్ వండేటప్పుడు అందులోని థీబైన్ రూపం మారుతుంది, అలా మారిన దాని అవశేషం అది, గసగసాలు తిన్నవాళ్లలో రాదు. తెలివైన ఆలోచన, నాకు చాలా ఇష్టం, వంటను బట్టి వండినవాణ్ని పట్టుకోవడం. ఇక్కడ సగటు కంపెనీ టెస్టులో దాన్ని వెతికేవాళ్లు ఎవరూ నాకు కనపడలేదు.

టీవీల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఏ ఫామ్‌హౌస్ మీద దాడి జరిగినా మన ఛానళ్లలో "శాంపిల్ పాజిటివ్, మత్తులో ఉన్నట్టు నిర్ధారణ" అని స్క్రోలింగ్. యూరిన్‌లో గంజాయి అవశేషం కనపడితే మత్తులో ఉన్నాడని ఎలా అంటారు? గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుంటుంది, రోజూ తాగేవాడు మానేసిన వారాల తర్వాత కూడా యూరిన్‌లో తేలుతుంది. వెంట్రుకలు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి, వాటితో పాత నెలల చరిత్ర తీయొచ్చు, నిన్న రాత్రి సంగతి తెలీదు. పైగా చాలా మందులు మెలనిన్‌కు అతుక్కుంటాయి, మన నల్ల జుట్టులో లేత రంగు జుట్టు కంటే ఎక్కువ కనపడొచ్చు. యాంకర్లకు ఇవన్నీ ఎవరు చెప్తారు.

మా తమ్ముడికి చెప్పిందే మీకూ చెప్తున్నా. శాంపిల్ ఇచ్చే ముందు రెండు మూడు రోజులు గసగసాలు మానేయండి, ఇప్పటికే తినేసి ఉంటే తేదీ జరపమని అడగండి. వాడుతున్న మాత్రలన్నీ, ముక్కులో వేసుకునే చుక్కలతో సహా, ఫారంలో రాయండి, డాక్టరు చీటీ ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. నీళ్లు విపరీతంగా తాగి వెళ్లకండి, యూరిన్‌లో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే పదార్థం ఎంతుందో చూసి పలుచనైన శాంపిల్ అని రాసేస్తారు, అది ఇంకో తలనొప్పి. స్క్రీనింగ్‌లో ఏదైనా వస్తే మాస్ స్పెక్ కన్ఫర్మేషన్ చేశారా అని రాతపూర్వకంగా అడగండి. శాంపిల్‌ను రెండు సీసాల్లో పోసి, రెండోదాన్ని సీలు వేసి దాచే పద్ధతి ఉందో లేదో కూడా అడగండి, చాలాచోట్ల ఉండదు, ఉన్నచోట మాత్రం ఆ సీలు మీద మీ సంతకం మీరే పెట్టండి.