ఇంటర్వ్యూ చివర మనం అడగవలసినవి

"మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అని పదకొండేళ్ళ కిందట ఆంధ్ర సరిహద్దునున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు బడివారు అడిగినప్పుడు, ఎక్కువ మాట్లాడితే ఉద్యోగం చేజారిపోతుందేమోనన్న భయంతో "ఏమీ లేదండీ" అని లేచి వచ్చేశాను. చేరిన రోజున చేతికిచ్చిన టైంటేబుల్లో ఎనిమిది పీరియడ్లలో ఏడు నావే. మిగిలిన ఒక్క గడిలోనూ, ఆ రోజు సెలవు పెట్టిన టీచరు తరగతిని పెన్సిలుతో రాసేవారు. నోటుపుస్తకాలు రాత్రి వంటిల్లు సర్దుకున్నాక గచ్చు మీద పేర్చుకొని దిద్దేదాన్ని.

అందుకే కొత్తగా బి.ఎడ్. ముగించి వచ్చే పిల్లలకు, వారానికి ఎన్ని పీరియడ్లు, రానివారి తరగతులు ఎవరు చూస్తారు అన్నది ముందుగా అడగమని చెబుతాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయులకు నిర్ణయించిన వారానికి 45 గంటల పనిలో పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా కలిసి ఉంది కనుక, ఈ ప్రశ్న అడగడం బద్ధకం కిందికి రాదు.

మా సరిహద్దు ఊళ్ళలో అంతకంటే ముఖ్యమైనది భాష. ఒకే బల్ల మీద తెలుగు, ఒడియా ఇళ్ళ పిల్లలు, సవర అనే గిరిజన భాష మాట్లాడే ఇళ్ళ పిల్లలు కూర్చుంటారు. ఒకసారి రెండో తరగతిలో బోర్డు మీద ఒడియాలో "ఫెడాణ" అని రాసి లెక్క ఇస్తే, తెలుగింటి పాప ఒకతె పలక ముట్టుకోలేదు. పక్కన కూర్చొని "తీసివేత తల్లీ" అనగానే పద్నాలుగు చింతపిక్కల్లోంచి ఆరు పక్కకు జరిపి, మిగిలిన ఎనిమిదీ నా అరచేతిలో పోసింది. ఆ పాపకు లెక్క వచ్చు, మాటే రాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకొని, సవర పిల్లలకు వాచకాలు రాశారు. కాబట్టి పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, మొదటి రెండేళ్ళూ వారి భాషలో వివరించడానికి టీచరుకు అనుమతి ఉందా అని తప్పక అడగాలి.

జీతం, వేసవి నెలల జీతం, పి.ఎఫ్., ఒరిజినల్ సర్టిఫికెట్లు బడిలో ఉంచుకుంటారా అన్న సంగతులు మొహమాటపడకుండా నాలుగు మాటల్లో తేల్చుకోవచ్చు.

ఇప్పుడు పనిచేస్తున్న బడిలో ఇవన్నీ అడిగాను. హెడ్‌మిస్ట్రెస్‌గారు సొరుగులోంచి టైంటేబులు తీసి నా ముందు పరిచి, "రోజుకొక పీరియడు ఖాళీగా ఉంచుతామమ్మా, పరీక్షల నెలలో మాత్రం మాట ఇవ్వలేను" అన్నారు. ఆ రెండో మాట విన్నాకే చేరతానని చెప్పాను.