ఒప్పందాల చాప్టర్‌ని మన గుంటూరు నుంచి మొదలుపెట్టండి

ఫ్రెండ్స్, గ్రూప్స్‌కి చదివేవాళ్లలో చాలామందికి యుద్ధాలు, ఒప్పందాలు అనగానే టెన్షన్. సంవత్సరాలన్నీ బట్టీ పడతారు, తీరా మెయిన్స్‌లో 'ప్రభావాలు చర్చించండి' అంటే రెండు పేరాలు దాటదు. విజయవాడలో రూమ్ తీసుకుని చదివిన రోజుల్లో నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. ఏ ఒప్పందం కనిపించినా దాని తర్వాత శిస్తు ఎవరికి పోయింది, సుంకం ఎవరి నెత్తిన పడింది అని చూడటం.

దీనికి యూరప్ దాకా పోనక్కర్లేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యానికి జీతాలివ్వాలి కాబట్టి 1753లో నిజాం సలాబత్ జంగ్ మన కోస్తా ప్రాంతమైన ఉత్తర సర్కారుల ఆదాయాన్ని ఫ్రెంచివాళ్లకు అప్పజెప్పాడు. 1758లో ఇక్కడి ఫ్రెంచివాళ్ల అధిపతి లాలీ బుస్సీని వెనక్కి పిలిపించుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో, బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన ఇంగ్లీషు సేనాని ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతితో కలిసి చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో బందరు కోట కూడా పోయింది. ఫ్రెంచివాళ్లకు సాయంగా సైన్యంతో బయల్దేరిన సలాబత్ జంగే, కోట పడిపోయాక ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం రాసుకున్నాడు. ఈ ఒక్క విషయం ఆన్సర్‌లో రాసి చూడండి, అప్పటి దక్కన్ రాజకీయమంతా అందులోనే ఉంది.

1766లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి, తర్వాతి నిజాం అయిన నిజాం అలీతో ఇంకో ఒప్పందం, సర్కారులకు బదులు కంపెనీ ఏటా 9 లక్షల రూపాయల కప్పం కట్టాలి. గుంటూరు మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్ బతికున్నన్నాళ్లూ ఆయనకే. ఆయన 1782లో పోయినా కంపెనీ చేతికి వచ్చింది 1788లోనే. కాబట్టి మ్యాప్‌లో సర్కారులన్నిటికీ ఒకే సంవత్సరం వేయకండి, గుంటూరుకి విడిగా వేయండి. ప్రిలిమ్స్‌లో ఇలాంటి చోటే మార్కు పోతుంది.

ఇది పట్టుబడితే మిగతా ప్రపంచం తేలికే. ఆస్ట్రియా సింహాసనం కోసం యూరప్‌లో యుద్ధం, దాంతో ఇక్కడ ఫ్రెంచివాళ్లు 1746లో ఇంగ్లీషువాళ్ల మద్రాసు పట్టుకున్నారు. 1748లో ఆ యుద్ధాన్ని ముగించిన ఎక్స్-లా-షాపెల్ సంధిలో ఇంగ్లీషువాళ్లు ఉత్తర అమెరికాలోని లూయీబర్గ్ కోట వదులుకుని మద్రాసు తిరిగి తీసుకున్నారు. ఆ బేరంలో మద్రాసు జనాన్ని అడిగినవాడు లేడు, నాకు ఇప్పటికీ చదివినప్పుడల్లా కోపం వస్తుంది.

వాణిజ్య విధానాల్ని వేరే నోట్స్‌లో పెట్టకండి, దయచేసి. మన అద్దకం బట్టలకు ఇంగ్లండ్‌లో గిరాకీ పెరిగి అక్కడి నేతగాళ్లు గొడవ చేస్తే, 1721 చట్టంతో రంగురంగుల నూలు బట్టలు వాడకూడదన్నారు. తర్వాత వాళ్లకి మిల్లులొచ్చాయి, 1813 చార్టర్ చట్టం టీ, చైనా వ్యాపారం తప్ప మిగతా కంపెనీ గుత్తాధిపత్యం తీసేసింది, మిల్లు గుడ్డ ఇక్కడికి వెల్లువెత్తింది. తమ మార్కెట్‌కి గోడ కట్టుకుని మన మార్కెట్‌కి తలుపులు తీశారు, చేనేత దెబ్బతినడానికి అదొక పెద్ద కారణం. చైనా విషయంలో 1842 నాన్‌కింగ్ సంధి కూడా ఇలాగే చదవండి. నల్లమందు వ్యాపారం కోసం యుద్ధం, చివరికి ఐదు రేవులు తెరిపించి హాంకాంగ్ తీసుకున్నారు. ఆ నల్లమందులో చాలాభాగం పండింది మన దేశంలోనే కాబట్టి ఆన్సర్‌లో ఇండియాతో లింకు తప్పకుండా రాయండి.

నోట్స్‌కి ఒక్కో ఒప్పందానికి ఒక పేజీ చాలు. ముందు శిస్తు, తర్వాత సుంకం, ఆఖర్న సంవత్సరం.