కుదురైన పిల్లకి ఏడీహెచ్‌డీ ఉండదన్నారు

నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం లాంటి లక్షణాలుండే సమస్య) ఉందని నిన్న సాయంత్రమే రిపోర్టు చేతికొచ్చింది. మనసు చల్లారకముందే రాసేస్తున్నా.

బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటాను. ఆఫీసు నుంచి రాగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మేడెక్కేదాన్ని. నీళ్ళ ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా, మళ్ళీ వెనక్కి. తలలో ఒక కథ నడిచేది. అందులోని కుటుంబం నా ఎనిమిదో తరగతి నుంచీ నాతోనే ఉంది. పది నిమిషాలనుకుంటే మూడు గంటలయ్యేది. కుడికాలి చెప్పు మడమ దగ్గర అరిగి కన్నం పడింది.

రోజువారీ పనులకి అడ్డొచ్చేంతగా పగటికలల్లో మునిగిపోయే ఈ అలవాటుకి మాల్‌అడాప్టివ్ డేడ్రీమింగ్ అని 2002లో ఇజ్రాయెల్ ప్రొఫెసర్ ఎలీ సోమర్ పేరు పెట్టారు. మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5 అనే పుస్తకంలో ఇది జబ్బుగా లేదు, ఏడీహెచ్‌డీ ఉంది. ఇలా కలల్లో మునిగేవాళ్ళలో చాలామందికి ఏడీహెచ్‌డీ కూడా ఉన్నట్టు ఆయన బృందమే గమనించింది. అది చదివాకే డాక్టరు దగ్గరికి వెళ్ళాలనిపించింది.

అపాయింట్‌మెంట్ సులువుగానే దొరికింది. 18 ప్రశ్నల ఫారం చకచకా నింపాను.

డాక్టరు తెలుగాయన అని వెతుక్కుని మరీ వెళ్ళాను. 12 ఏళ్ళలోపే లక్షణాలు కనిపించి ఉండాలి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడించమన్నారు. అమ్మకి ఫోన్ చేస్తే స్పీకర్లో పెట్టమన్నారు. గదిలో ఇద్దరు ట్రైనీలు కూడా ఉన్నారు. "మా పాప బంగారం సార్. ఒకచోట కూర్చోబెడితే సాయంత్రం దాకా కదలదు. అల్లరంటే ఏంటో తెలీదు" అంది అమ్మ, ఎంతో సంబరంగా. ఆయన పెన్నుకి మూత పెట్టేశారు. "విన్నావుగా. ఫోన్ చూడ్డం తగ్గించమ్మా." నేను మేడమీది నడక గురించి చెప్పబోతే, "కథలైతే పుస్తకంలో రాసుకో" అన్నారు. ఒక ట్రైనీ నవ్వాడు. లిఫ్టులో జనం ఉన్నారని నాలుగంతస్తులూ మెట్ల మీదే ఏడుస్తూ దిగాను.

అల్లరి చేస్తేనే ఏడీహెచ్‌డీ అనుకునే డాక్టరుకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ధ్యాస నిలవకపోవడమే ప్రధానంగా ఉండే రకం ఒకటుంది. ఆడపిల్లల్లో అది తరచూ ఎవరి కంటా పడదు, ఎందుకంటే మేం ఎవరినీ ఇబ్బంది పెట్టం. నోరెత్తని పిల్లని మెచ్చుకుని వదిలేయకండి, ఏం ఆలోచిస్తోందో అడగండి.

సంక్రాంతికి మదనపల్లె వెళ్ళి అటక మీది ట్రంకుపెట్టె దించాను. నాలుగో తరగతి ప్రోగ్రెస్ కార్డులో ఎర్రసిరాతో ఉంది: "తెలివైనది. ధ్యాస కిటికీ అవతల." అమ్మ చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముద్ద చేతిలోనే ఎండిపోయేది. నేను వచ్చి నోట్లో పెట్టేదాన్ని" అంది.

రెండో డాక్టరమ్మ ఆ మాట రాసుకున్నారు. "కదలకుండా కూర్చున్నప్పుడు లోపల ఏం జరిగేది?" అని అడిగారు. ధ్యాస నిలవకపోవడానికి సంబంధించిన 9 లక్షణాల్లో పెద్దవాళ్ళకి 5 ఉంటే చాలు, నాకు 7 ఉన్నాయి. కథ దీనివల్ల వస్తోందా, దీంతోపాటు ఉందా అన్నది నిదానంగా చూద్దామన్నారు.

ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాశారు. అది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి ఆంక్షలున్న జాబితాలోది, ప్రత్యేక లైసెన్సు ఉన్న షాపుల్లోనే అమ్ముతారు. చీటీ రెండు ప్రతులు రాయించుకోండి, ఒకటి షాపువాళ్ళు ఉంచేసుకుంటారు. ఎక్కడ దొరుకుతుందో క్లినిక్‌లోనే అడిగి కదలండి. నాకు నాలుగో షాపులో దొరికింది. రేపు టిఫిన్ అయ్యాక మొదటి మాత్ర.