గెలిచినవాళ్లకే ప్రాయశ్చిత్తం

మొన్న ఆదివారం లండన్‌లో రైలెక్కి బాటిల్ అనే ఊరికి వెళ్లొచ్చా. అవును, ఊరి పేరే యుద్ధం! 1066 అక్టోబర్ 14న ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీని ఏలిన విలియం ఇంగ్లండ్ రాజు హెరాల్డ్‌ను ఓడించింది ఇక్కడే. ఇప్పుడు పచ్చగడ్డి, గొర్రెలు, పాడుబడ్డ మఠం, హెరాల్డ్ పడిపోయాడని చెప్పే చోట ఒక రాతి పలక.

నన్ను పట్టుకున్నది మాత్రం యుద్ధం తర్వాతి సంగతి. నార్మన్ బిషప్పులు, అంటే విలియం పక్షం మతాధికారులు, గెలిచిన తమ సైనికులకే ప్రాయశ్చిత్తం విధించారు. చంపిన ఒక్కో మనిషికి ఒక ఏడాది, కొట్టాడు గానీ అవతలివాడు చచ్చాడో లేదో తెలియకపోతే ఒక్కొక్కరికి 40 రోజులు, అసలు లెక్కే తెలియనివాడు బతికినన్నాళ్లు వారానికో రోజు, లేదంటే చర్చి కట్టించడమో దానం ఇవ్వడమో. మరి విలుకాళ్లు? బాణం ఎవరికి తగిలిందో వాళ్లకేం తెలుస్తుంది పాపం, అందుకే 40 రోజుల చొప్పున మూడు విడతలు. పోప్ ఈ దండయాత్రకు జెండా పంపి దీవించాడని విలియం మనిషే రాసుకున్నాడు, అయినా సరే!

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. 7వ శతాబ్దపు కాంటర్బరీ ఆర్చిబిషప్ థియోడోర్ పేరు మీదున్న నియమాల్లోనూ యుద్ధంలో చంపినవాడికి 40 రోజులు ఉంది.

తిరుగు రైల్లో ఆర్మీలో చేసిన మా పెదనాన్న గుర్తొచ్చారు. చిన్నప్పుడు "ఎంతమందిని చంపావు పెదనాన్నా?" అని ఉత్సాహంగా అడిగితే, ఏమీ అనకుండా లేచి పశువుల పాకలోకి వెళ్లిపోయేవారు.