పంపుకు దొరక్కుండా మందు లోపలికి వెళ్లాలంటే

క్యాన్సర్‌కి ఇచ్చే కీమో పనిచేయడం మానేసిందంటే మందు కణంలోకి వెళ్లడం లేదనుకుంటారు. చాలాసార్లు వెళ్తుంది, నిలవదు. కణం పొరలో పి-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఉంటుంది. 1976లో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ అనే కీమో మందులకు ఒకదానితో ఒకటి పోలికే లేదు. అయినా అన్నిటినీ పొరలోనే పట్టుకుని, కణానికి ఇంధనమైన ఏటీపీ ఖర్చుపెట్టి బయటికి తోసేస్తుంది. అందుకే ఒక మందుకు మొండికేసిన కణం ఎన్నడూ చూడని మందుకీ లొంగదు.

పంపునే ఆపుదామని వెరపామిల్ అనే బీపీ మందుతో మొదలుపెట్టి చాలా ప్రయత్నాలు జరిగాయి. కాలేయంలో, కిడ్నీల్లో, పేగుల్లో కూడా అదే పంపు ఉంది మరి. పంపును ఆపే వాల్‌స్పోడార్ అనే మందు ఇస్తే కీమో మందు ఒంట్లోంచి త్వరగా పోక, డోసే తగ్గించాల్సి వచ్చింది.

నానో మార్గం వేరు. మందును లైపోజోమ్ అనే అతిచిన్న కొవ్వు బుడగలో పెడతారు. కణం ఆ బుడగను సంచీలా మింగుతుంది, పంపుకు దూరంగా లోపల మందు విడుదలవుతుంది. కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. 1995లో ఆమోదం పొందిన డాక్సిల్‌నే, అంటే లైపోజోమ్‌లో పెట్టిన డాక్సోరూబిసిన్‌నే చూడండి. సైజు 80–100 నానోమీటర్లు. లోపల అమ్మోనియం సల్ఫేట్ నింపి, బయట దాన్ని తీసేస్తారు. ఆ తేడాకి డాక్సోరూబిసిన్ లోపలికి చేరి, సల్ఫేటుతో కలిసి స్ఫటికాలుగా గడ్డకడుతుంది. అంత గట్టిగా పట్టుకుంటుంది కాబట్టే రక్తంలో రోజుల తరబడి కారదు. చిక్కూ అక్కడే. పైనున్న పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్) పూత వల్ల కణాలు దాన్ని సరిగ్గా మింగవు. మందు చాలావరకు కణం బయటే నెమ్మదిగా వదులుతుంది, వదిలిన అణువుకు మళ్లీ అదే పంపు ఎదురవుతుంది. డాక్సిల్ గొప్పతనం డాక్సోరూబిసిన్ చేసే హాని నుంచి గుండెను కాపాడటంలో ఉంది, మొండితనాన్ని జయించడంలో కాదు.

డ్రిప్ దగ్గర కూడా దీన్ని మామూలు డాక్సోరూబిసిన్‌లా చూడకూడదు. 90 మి.గ్రా. వరకు 250 మి.లీ. 5% డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. సెలైన్ వద్దు, లైన్‌లో ఫిల్టర్ వద్దు. మొదట నిమిషానికి 1 మి.గ్రా. వేగంతోనే ఎక్కించాలి, లేకపోతే రియాక్షన్ల ముప్పు పెరుగుతుంది.

ల్యాబ్‌లో మోసపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. డాక్సోరూబిసిన్ ఎర్రగా మెరుస్తుంది, కానీ లైపోజోమ్‌లో కిక్కిరిసి ఉన్నప్పుడు ఆ మెరుపు అణిగిపోతుంది. కాబట్టి మైక్రోస్కోపులో ఎరుపు కనబడగానే సంబరపడొద్దు, అది కేంద్రకంలో ఉందా అని చూడాలి. మందు లేని ఖాళీ కణికల్ని కూడా అదే మోతాదులో పరీక్షించాలి. నానోకణాల్లో వాడే టీపీజీఎస్, ప్లూరోనిక్ లాంటి సర్ఫాక్టెంట్లు (సబ్బులాంటి పదార్థాలు) తమంతట తామే పంపును మందగింపజేస్తాయి. ఆ కంట్రోల్ లేకపోతే గెలిచింది నానోకణమో సబ్బో తేలదు.