పుర్రచేతి కత్తి

పొద్దున్నుంచీ ఒకటే వాన. జూన్‌లో ఇక్కడ టోక్యోలో త్సుయు, అంటే వానల కాలం, మొదలైందంటే బట్టలు ఆరవు. సాధనకి కట్టుకునే మడతల వదులు లాగు, నా హకామా సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా శనివారం ఇయాయిడో క్లాసు, అంటే జపాన్ వాళ్ల కత్తి దూసే విద్య, మానబుద్ధి కాలేదు.

నిషికసాయిలో తోజాయి లైను మెట్రో ఎక్కాను, భుజాన పొడుగు సంచితో. మనవాళ్ల పిల్లాడొకడు "అంకుల్, అందులో బ్యాటా?" అన్నాడు. కత్తి అన్నాను. వాళ్లమ్మ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. "పదునుండదండీ, జింకు, అల్యూమినియం కలిపి పోసింది, సాధనకే" అని సర్దిచెప్పాను. మొన మాత్రం ఉంటుందని చెప్పలేదు.

కత్తి అనగానే అందరూ యుద్ధం అనుకుంటారు. ఇయాయిడోలో ఎదుట మనిషే ఉండడు. ఉన్నాడనుకుని ఒరలోంచి దూయాలి, నరకాలి, అంటని నెత్తుటిని విదిలించాలి, మళ్లీ ఒరలో పెట్టాలి. ఆల్ జపాన్ కెండో ఫెడరేషన్ వరుసలో ఇలాంటి కతాలు, అంటే కదలికల వరుసలు, 12 ఉన్నాయి. నేను ఎనిమిది నెలలుగా మొదటిదైన 'మాఎ' దగ్గరే ఉన్నాను. అది మోకాళ్ల మీద కూర్చుని చేసేది. నా మోకాళ్ల గురించి రాయడం మొదలెడితే ఈ పేజీ చాలదు.

నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు ఎడమచేత్తో ముద్ద కలిపితే నాయనమ్మ గరిటె తిరగేసేది. ఇక్కడా అంతే, ఎవరైనా సరే కత్తి ఎడమ నడుముకే కట్టాలి, కుడిచేత్తోనే దూయాలి. మొదటిరోజు ఈ గోడు వెళ్లబోసుకుంటే సెన్సే, అంటే మా గురువుగారు, నవ్వి ఊరుకున్నారు.

ఇవాళ నేను కత్తి దూస్తుంటే ఆయన వచ్చి నా కుడి మణికట్టు పట్టుకుని కదలనివ్వలేదు. "ఇప్పుడు ఎడమచేత్తో ఒరను వెనక్కి లాగు" అన్నారు. లాగాను. కత్తి దానంతటదే బయటికొచ్చింది! దీన్ని సయాబికి అంటారని ఎనిమిది నెలలుగా వింటూనే ఉన్నాను, చెయ్యికి ఇవాళ అర్థమైంది. నరికేటప్పుడూ బిగువంతా ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలిదేనట, కుడిచెయ్యి దారి చూపిస్తే చాలట. కోత తిన్నగా పడితే కత్తి గాడిలో గాలి 'స్యూ'మని ఈల వేస్తుంది. ఇరవైసార్లలో నాలుగుసార్లు వేసింది.

ఆ సంబరంలో తొందరపడ్డాను. ఒర మూతిని కొయిగుచి అంటారు, అంటే కొయి చేప నోరు. ఎడమ పిడికిలితో దాన్ని మూసి, కత్తి వీపును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జారుస్తూ పోయి, మొన రాగానే లోపలికి దించాలి. నేను చేతిలోకి దించాను. "చేప కొరికిందా?" అన్నారు సెన్సే, ప్లాస్టరు ఇస్తూ.

క్లాసయ్యాక ఆయన తన అసలు కత్తి తుడుచుకుంటుంటే పక్కన కూర్చున్నాను. దానికి రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది, ఇచ్చేది పోలీసులు కాదు, ప్రిఫెక్చర్ విద్యా మండలి. కత్తిని కళాఖండంగా లెక్కేస్తారు మరి. నూనె గుడ్డ తియ్యగానే లవంగం వాసన. నాయనమ్మ పంటినొప్పికి దూదిలో పెట్టుకునే నూనె వాసనే.

రాత్రి వీడియో కాల్‌లో అమ్మ ప్లాస్టరు చూసేసింది. కత్తి సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. కూరగాయలు తరుగుతుంటే తెగిందన్నాను.

"ఎడమచేత్తో చాకు పట్టేవాడివి, ఎడమచెయ్యే ఎలా తెగిందిరా?" అంది.